తప్పిపోయిన సూడిమేక

రామాంజినమ్మకు నడక కొత్త కాదు. పుట్టింది గొర్రెలకాపరుల ఇంట్లో, మెట్టింది కూడా గొర్రెలకాపరుల ఇంట్లోనే. కర్ణాటక సరిహద్దులోని తమ ఊరు క్యాతగానచెర్లు చుట్టూ ఉన్న గుట్టలు, వంకలు, బీళ్లు ఆమె కాళ్లకు కొట్టినపిండి. అలాంటి మనిషికి యాభై దాటాక నడవడం చేతకాలేదంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వితే నవ్వారు గానీ జరిగింది అదే. పని ఉందంటే పావగడ దాకానైనా నడిచిపోయే మనిషి, ఊరికే నడవమనేసరికి గడప దాటలేకపోయింది.

ఈ తంటా తెచ్చిపెట్టింది పావగడ ఆసుపత్రి డాక్టరమ్మ. ఒంట్లో చక్కెర పెరిగిందని, మాత్రలు మింగి కూర్చుంటే తగ్గదని, రోజూ నడవాల్సిందేనని ఆవిడ కన్నడంలో మెత్తగా చెప్పింది. నడవకపోతే రోజూ పొట్టలో సూది పొడుచుకోవాల్సి వస్తుందని అంతకంటే మెత్తగా చెప్పింది. పామును చూసినా కర్ర కోసం వెతికే రామాంజినమ్మకు సూది పేరు చెబితే మాత్రం పై ప్రాణాలు పైనే పోతాయి. ఎక్కడికి నడవాలో చెప్పమని డాక్టరమ్మనే అడిగింది.

"ఎక్కడికీ కాదమ్మా. సుమ్నె" అంది డాక్టరమ్మ. సుమ్నె అంటే ఊరికే అని.

అంతటితో ఆగలేదు. పక్కనే ఫోనులో తల దూర్చి కూర్చున్న మనవరాలు భూమికను చూసి, ఈ పిల్లను కూడా వెంటబెట్టుకు వెళ్లమంది. పిల్లలన్నాక రోజూ చెమట పట్టేలా ఎగరాలి, దూకాలి, లేకపోతే రేపు ఈ కుర్చీలో వాళ్లే కూర్చుంటారని చెప్పింది. భూమిక తల ఎత్తకుండానే "ఊఁ" అంది.

డాక్టరమ్మ చెప్పింది నిజమే. ఊళ్లోకి సోలార్ వచ్చినప్పటి నుంచి క్యాతగానచెర్లు జనానికి కాళ్లతో పెద్దగా పని లేకుండా పోయింది. శనక్కాయ పండిన చేలన్నీ పలకల కిందికి వెళ్లాయి. కౌలు డబ్బు దానంతటదే బ్యాంకులో పడుతుంది. మేపడానికి బీడు లేక గొర్రెల్ని అందరూ అమ్మేసుకున్నారు. కొందరు కుర్రవాళ్లకు పలకలు కడిగే పనో, కాపలా పనో దొరికింది. మిగిలినవాళ్లకు బస్టాపు దగ్గర సిమెంటు కట్ట దొరికింది. పొద్దున టీ తాగి ఆ కట్ట మీద కూర్చుంటే మళ్లీ లేచేది అన్నానికే. పిల్లలు ఇంటి ముందు వ్యానెక్కి బడికి పోతారు, ఇంటి ముందు దిగి ఫోను పట్టుకుంటారు. కూర్చోవడానికి పోటీలు పెడితే జిల్లాలో మొదటి బహుమతి ఆ ఊరికే వచ్చేది.

సరే, మరుసటి రోజు పొద్దున్నే రామాంజినమ్మ తల దువ్వుకుని, కొంగు నడుముకు బిగించి, ఉత్త చేతులతో వల్లూరు దారి పట్టింది. కట్ట మీద ఓబళప్ప అప్పుడే టీ గ్లాసు అందుకున్నాడు. ఆమెకు వరసకు మరిది. ఒకప్పుడు ఊళ్లో అందరికంటే పెద్ద మంద అతనిది. ఇప్పుడు అందరికంటే పెద్ద పొట్ట అతనిది.

"యాడికి వదినా?" అన్నాడు.

ఆ పక్క పల్లెల్లో అది ప్రశ్న కాదు, పలకరింపు. అయినా బదులు చెప్పి తీరాలి. చేనికి, సంతకు, పెళ్లికి, చావుకు, ఏదో ఒకటి. రామాంజినమ్మకు ఏదీ తోచలేదు.

"ఊరికే" అంది.

ఓబళప్ప చేతిలో గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. పొద్దున్నే ఒక ఆడమనిషి, చేతిలో సంచి లేదు, చెంబు లేదు, కొడవలి లేదు, విసవిసా ఊరు దాటిపోతోంది, అడిగితే ఊరికే అంటోంది. ఇక అర్థం కావడానికి ఏముంది? ఇంట్లో కొట్లాడి వెళ్లిపోతోంది!

రామాంజినమ్మ వంక దాకా వెళ్లి తిరిగి వచ్చేసరికి ఇంటి ముందు జనం. పక్కింటి రత్న, కోడలు నయన భుజం మీద చెయ్యి వేసి ఓదారుస్తోంది. నయన ఫోనులో వాళ్లమ్మ తిడుతోంది. "ముసలామెను ఏమన్న్యావే? ఇల్లిడిసి పోయినాదంట గదా?" అని ఆవిడ అరుపులు వీధి చివరి దాకా వినిపిస్తున్నాయి. నయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. అందులో ఏడుపు కొంత, కోపం ఎక్కువ.

"యాడికీ పోలేదు, ఈడే ఉండా గదా" అని రామాంజినమ్మ అందరినీ పంపేసింది. వాళ్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్లారు. ఎవరూ నమ్మినట్టు లేదు.

"అత్తా, నువ్వు నడువు, నేను వద్దనను" అంది నయన ముక్కు చీదుకుంటూ. "కానీ చేతిలో ఏందో ఒకటి పట్టుకొని పో. అడిగినోళ్లకు ఏందో ఒకటి చెప్పు. నా మర్యాద తియ్యద్దు."

న్యాయమైన మాట. అందుకే మరునాడు గోడ మేకుకు వేలాడుతున్న పాత పగ్గం ఒకటి చేతిలోకి తీసుకుని బయలుదేరింది. ఆ పూట కట్ట మీద ఓబళప్ప ఒక్కడే కాదు, ఊరి మగవాళ్లలో సగం మంది ఉన్నారు.

"ఈ పొద్దన్నా చెప్పిపో వదినా. యాడికి?"

రామాంజినమ్మ చేతిలోని పగ్గం వైపు చూసుకుంది. నోరు జారింది.

"మేక తప్పిపోయినాది."

"నీకు మేక యాడిది?"

"వల్లూరు పెద్దక్క ఇచ్చినాది. మొన్న సాయంత్రం తోలుకొస్తాంటే దావలో పగ్గం తెంపుకొని కంపల్లోకి పోయినాది. గొర్రెలు కాసినదాన్ని, మేకను పోగొట్టుకొంటినని ఎట్ల చెప్పల్ల? సిగ్గయి నిన్న ఊరికే అంటి."

ఒక్క అబద్ధం నిన్నటి ముడినంతా విప్పేసింది. కట్ట మీద వాళ్లందరి ముఖాలు తేటపడ్డాయి. ఎవరికీ అనుమానం రాలేదు. రాదు కూడా. ఆ ఊళ్లో గట్టు తగాదా వచ్చినా, పెళ్లిమాటల్లో తేడా వచ్చినా "రామాంజినమ్మ ఏమనిందో అడుగు" అంటారు. ఆమె చెప్పిందంటే ఇక దాని మీద మాట ఉండదు. ఆ పేరు సంపాదించడానికి ఆమెకు ఒక జీవితం పట్టింది. అందుకే ఆ పూట వంక దాకా నడిచినంతసేపూ చెవులు మండాయి. ఈ ఒక్క రోజే, రేపటికి ఇంకేదైనా చూసుకుందాం అని సర్దిచెప్పుకుంది.

కానీ వెనక నుంచి రొప్పు వినిపించింది. తిరిగి చూస్తే ఓబళప్ప.

"ఒక్కదానివే ఎట్ల పట్టుకొంటావు వదినా? మేకంటే గొర్రె మాదిరి కాదు. రెండు పక్కలా కమ్ముకోవల్ల" అన్నాడు. ఆ మాత్రం చెప్పడానికి మూడు చోట్ల ఆగాడు. వంక దాటే చిన్న మోరీ వంతెన దగ్గర కూలబడ్డాడు, లేపడానికి రామాంజినమ్మ చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది. ఇక రేపు రాడులే అనుకుంది. తెల్లారేసరికి చేతిలో కర్రతో కట్ట దగ్గర నిలబడి ఉన్నాడు. ఇంకో ఇద్దరు కూడా ఉన్నారు.

గొర్రెలు పోయినా గొర్రెలకాపరి బుద్ధి పోతుందా? ఎక్కడో ఒక జీవం దారి తప్పి తిరుగుతోందంటే వాళ్లకు ముద్ద దిగదు. ఏ రంగు, ఏ ఈడు, కొమ్ములున్నాయా అని అడగడం మొదలుపెట్టారు. ఇంటికొచ్చి రత్న అడిగితే నయన పొయ్యి ముందు నుంచి కదలకుండానే "ఎర్రమేక. ఎడమ చెవి ఒక్కటి తెల్లది" అని చెప్పేసింది. మొన్నటి రోజు ఊరంతా తనను చూసిన చూపు ఆమె ఇంకా మరిచిపోలేదు. ఆ చూపు కంటే మేక నయం. కొడుకు నందీశ్ సోలార్ కంచె దగ్గర కాపలా కాస్తాడు, అతన్ని కూడా నోరు మెదపకుండా కట్టడి చేసింది నయనే.

పెద్దక్క మాత్రం కట్టడికి లొంగే మనిషి కాదు. ఎవరైనా అడిగితే మేకను ఇచ్చానని చెప్పమని రామాంజినమ్మ ఫోను చేసి బతిమాలింది. పెద్దక్క చెల్లెలి మీద ప్రేమ కొద్దీ ఇంకో నాలుగు మాటలు కలిపింది. ఓబళప్ప ఫోను చేసినప్పుడు "ఇచ్చినా గదప్పా! మంచి సూడిమేక. ఇంగ రెండు నెల్లకు ఈనేది" అంది.

సూడిమేక, అంటే కడుపుతో ఉన్న మేక. ఆ మాట వినగానే ఊరు ఊరే లేచింది.

"కంపల్లో ఈనితే కుక్కలు వదుల్తాయా?"

"పాపం, కాలు బరువై యాడ పండుకొనిందో!"

ఆడవాళ్లు కూడా కొంగులు బిగించారు. పొద్దున్నే ఒక గుంపు వంక పక్కకు, ఒక గుంపు గుట్ట పక్కకు. పిల్లలకైతే పండగే. వ్యాను కోసం ఎదురుచూడకుండా కంచె పక్క దారిలో వెతుక్కుంటూ బడికి నడిచి పోతామన్నారు. సాయంత్రం సంచులు విసిరేసి గుట్ట మీదికి పరుగు. భూమిక వాళ్లందరికీ నాయకురాలు. రాళ్ల మీది నుంచి రాళ్ల మీదికి దూకుతూ, "ఆ పొద మీది, ఈ పొద నాది" అని పంచిపెట్టేది. ఆమె ఫోను ఇంట్లో ఛార్జింగుకు పెట్టినచోటే పడి ఉండేది. మేక ఎలాగూ లేదని ఆ పిల్లకు తెలియదు. ఇంట్లోవాళ్లు చెప్పలేదు, చెబితే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయేది.

వెతికేవాళ్లు ఎక్కువయ్యాక మేక కనబడటం కూడా ఎక్కువైంది. గుట్ట వెనక ఎర్రగా ఏదో కదిలిందని ఒకరు. రాత్రి అరుపు విన్నామని ఇంకొకరు. నందీశ్ పైఅధికారి కంచె కెమెరాల్లో కూడా చూస్తున్నాడట. ఓబళప్పయితే ఒకరోజు వంకలో కూర్చుని పెంటికలు చేతిలోకి తీసుకుని, చిదిమి, వాసన చూసి, కళ్లు మూసుకుని తీర్పు చెప్పాడు. "ఇది మేకదే. సూడిమేకదే. మూడు దినాలు కాల్యా." అందరూ అతని వైపు గౌరవంగా చూశారు. అతన్ని అలా చూసి ఎన్నాళ్లయిందో. రామాంజినమ్మ పక్కకు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది, నవ్వు ఆపుకోవడానికో, ఏడుపు ఆపుకోవడానికో ఆమెకే తెలియలేదు.

దీపావళి తర్వాత డాక్టరమ్మ దగ్గరకు వెళితే చక్కెర బాగా దిగిందని సంతోషపడింది. ఏం చేశారని అడిగింది.

"మేకను ఎతుకుతాండాం" అంది భూమిక.

డాక్టరమ్మకు ఏమీ అర్థం కాలేదు గానీ, ఏం చేస్తున్నా ఆపొద్దని, ఆపితే మళ్లీ మొదటికే వస్తుందని చెప్పి పంపించింది. బస్సులో తిరిగి వస్తున్నప్పుడు రామాంజినమ్మకు ఒక పక్క ప్రాణం తేలికైంది, ఇంకో పక్క దిగులు పట్టుకుంది. నిజం చెప్పేస్తే నడక ఆగిపోతుంది. తనదే కాదు, అందరిదీ. మళ్లీ కట్ట, మళ్లీ టీ, మళ్లీ ఫోన్లు. చెప్పకపోతే ఒక్కొక్క రోజూ ఒక్కొక్క అబద్ధం. నమ్మి వెంట నడుస్తున్న ఇంతమందిలో ఒక్కరికి తెలిసినా ఇన్నేళ్ల మాట గంగలో కలిసినట్టే. చెప్పేద్దామని ఎన్నిసార్లు నోరు తెరిచిందో, అన్నిసార్లూ మూసుకుంది.

ఒక ఆదివారం పొద్దున్నే తలుపు దబదబా మోగింది. బయట ఓబళప్ప. ముఖం నిండా నవ్వు.

"దొరికినాది వదినా! నీ మేక దొరికినాది!"

"ఎవురి మేక?" అంది రామాంజినమ్మ నోరు జారి.

"నీ మేకే! నాగలమడిక దావలో, ఏటి ఒడ్డున కాటయ్య దొడ్లో కట్టేసినారంట. ఎర్రది. ఎడమ చెవి తెలుపు. సూడిది. ఇదో, ఫొటో పంపినాడు."

ఫోనులో మేక ఉంది. ఎర్రగా, పొట్ట బరువుగా, ఎడమ చెవి మల్లెపువ్వంత తెల్లగా. పొయ్యి ముందు కూర్చుని కోడలు నోటికొచ్చినట్టు చెప్పిన మేక నిజంగా గడ్డి నములుతూ అత్త వైపు చూస్తోంది. వెనక నుంచి నయన కూడా ఫొటో చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"బైకు మీద పోయి చూసొస్తా" అంది రామాంజినమ్మ ఏమీ తోచక. ఒంటరిగా వెళితే కాటయ్యకు మెల్లగా చెప్పుకోవచ్చని ఆశ.

"ఏం మాటలు వదినా! సూడిమేకను బైకు మీద కూర్చోబెట్టుకొని వస్తావా? నడిపించుకొనే రావల్ల. ఊరంతా ఎతికినాం, ఊరంతా పోదాం!"

అలాగే పోయారు. సద్దిమూటలు కట్టుకుని, నీళ్ల సీసాలు పట్టుకుని, పిల్లాజెల్లాతో జాతరకు బయల్దేరినట్టు బయలుదేరారు. అడ్డదారిన బీళ్ల మీదుగా నడక. పిల్లలు ముందు పరుగెత్తి వెనక్కి వచ్చి మళ్లీ ముందుకు పరుగెత్తుతున్నారు. రత్న పాట ఎత్తుకుంది. ఓబళప్ప మోరీ దగ్గర ఆగలేదు, గుట్ట ఎక్కేటప్పుడు కూడా ఆగలేదు. దారి పొడుగునా మేకలకు పురుడు పోసిన కథలు చెబుతూనే ఉన్నాడు. అంతమందిలో కాళ్లు ఈడ్చుకుంటూ నడిచింది రామాంజినమ్మ ఒక్కతే. నయన పక్కకు వచ్చి "అత్తా, తోలుకొచ్చేద్దాం. ఎవురికి తెలుస్తాది?" అని గుసగుసలాడింది.

కాటయ్య సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి. ఇంతమందిని చూసి బెదిరిపోయి, సంగతి విని నవ్వి, మేకను విప్పుకొచ్చాడు.

"నాకేం అక్కర్లేదక్కా. మా గొర్రెల్లో కలిసి వచ్చినాది, కట్టేసి మేతకు కసువేసినా. నీదైతే తోలుకొని పో. చెవి పట్టుకొని నాదే అను, చాలు. మా పెద్దోళ్ల కాలం నుంచి ఇదే పద్ధతి."

ఎంత సులువైన పద్ధతి! ఊరంతా చుట్టూ నిలబడి ఆమె వైపే చూస్తున్నారు. భూమిక రెండు చేతులూ పైకెత్తి ఎగరడానికి సిద్ధంగా ఉంది. రామాంజినమ్మ వంగి మేక చెవి పట్టుకుంది. మెత్తగా, వెచ్చగా ఉంది. ఇంకో చెయ్యి అలవాటు కొద్దీ పొట్ట మీదికి వెళ్లింది. లోపల పిల్ల కదిలింది. ఈ మేకకు ఎక్కడో ఒక ఇల్లుంది. అక్కడెవరో నిజంగా దీని కోసం వెతుకుతూ ఉంటారు. నిజంగా ముద్ద దిగకుండా.

చెవి వదిలేసింది.

"నాది కాదు" అంది.

"సరిగ్గా చూడు వదినా. తెల్లచెవి, ఎర్రొళ్లు..."

"చూసినా ఓబళప్పా. నాది కాదు. నాకు మేకే లేదు. ఉండింది కూడా లేదు."

చెప్పేసింది. డాక్టరమ్మ, సూది, ఊరికే, పగ్గం, పెద్దక్క, అన్నీ. నయన పేరు మాత్రం ఎత్తలేదు. చెప్పినంతసేపూ నేల వైపే చూసింది. అందరికంటే ముందు నోరు తెరిచింది కాటయ్య. పాపం, వెటకారంగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగాడు.

"అట్లయితే ఇన్ని దినాలు మీరు దేన్ని ఎతికినారప్పా?"

ఓబళప్ప ముఖం జేవురించింది.

"పెంటికలు చూసి సూడిమేకదే అని చెప్పినా నేను! ఊరందరి ముందర! ఇంగ నా ముఖం యాడ పెట్టుకోవల్ల?" అని అరిచాడు. తర్వాత గొంతు తగ్గించి అన్న మాటే ఆమెను కోసింది. "రామాంజినమ్మ చెప్తే చెప్పినట్లే అంటాంటిమి. ఇంగ నీ మాట ఎవురు నమ్మల్ల?"

రామాంజినమ్మ మేకను కాటయ్య చేతికిచ్చి, గుంపును చీల్చుకుని రోడ్డు మీదికి వచ్చింది. నాగలమడిక నుంచి వచ్చే బస్సు అప్పుడే కనబడితే చెయ్యి ఎత్తి ఎక్కింది. బస్సంతా ఖాళీ. ఎండ ముదిరింది. ఎవరికైనా కాళ్లు లాగుతూనే ఉంటాయి. కండక్టరు తల బయటపెట్టి "రాండప్పా, బిన్నా రాండి" అని గుంపును పిలిచాడు.

"ఆమె ఎక్కిన బస్సు మేమెక్కం. నువ్వు పోనీ!" అని కేకేశాడు ఓబళప్ప. ఎవరూ ఎక్కలేదు. నయన ఒక్క అడుగు ముందుకు వేసి, భూమిక వైపు చూసి, అక్కడే ఆగిపోయింది.

రామాంజినమ్మ కిటికీ పక్క సీటులో కూర్చుని ఏడ్చింది. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. ఇక ఆ ఊళ్లో తను మామూలు ముసలమ్మ. రేపటి నుంచి ఎవరూ తన మాట అడగరు, ఎవరూ తన వెంట నడవరు. సూది గుచ్చుకుంటూ ఇంట్లో కూర్చోవడమే.

బస్సు ప్రతి మలుపు దగ్గరా ఆగుతూ, ఒకరిని దింపుతూ ఇద్దరిని ఎక్కిస్తూ తీరుబడిగా పోతోంది. ఒక మలుపులో కళ్లు తుడుచుకుని బయటికి చూసింది. బీడు మీద అడ్డదారిన ఊరంతా వస్తోంది. పిల్లలు ముందు, వాళ్ల వెనక ఆడవాళ్లు, మగవాళ్లు. అందరికంటే పెద్ద అంగలు ఓబళప్పవి. చేతులు ఊపుతూ, ఆకాశం వైపు చూపిస్తూ తిడుతున్నాడు. ఆ తిట్లు బస్సు చప్పుడులో కూడా వినిపిస్తున్నాయి. రామాంజినమ్మ తిట్లు వినడం మానేసి వాళ్ల తలల వైపు చూసింది. ఒక్కరూ పొదల్లోకి తొంగి చూడటం లేదు. మేక లేదని అందరికీ తెలుసు. వెతికేది ఏమీ లేదు, ఎక్కడానికి బస్సుంది, అయినా నడుస్తున్నారు. కోపంతో అయితేనేం!

"కండక్టరప్పా, నిలుపు!" అని లేచింది.

"ఊరు ఇంగా రాలేదు గదమ్మా?"

"తెల్సులే. నేను దిగల్ల."

దిగి, అడ్డదారి రోడ్డు మీదికి కలిసే చోట నిలబడింది. వాళ్లు వచ్చారు. ఆమెను దాటి పోయారు. ఎవరూ పలకరించలేదు, ఆగమనీ పొమ్మనీ అనలేదు. భూమిక ఒక్కతే వచ్చి అవ్వ చెయ్యి పట్టుకుని, కోపంగా ఉన్నట్టు ముఖం పెట్టుకుని పక్కనే నడిచింది. రామాంజినమ్మ గుంపు వెనక నడిచింది. ఓబళప్ప వెనక్కి తిరగకుండానే ఆమెను, పెద్దక్కను, డాక్టరమ్మను వరసబెట్టి తిడుతూనే ఉన్నాడు. ఊపిరి అందక ఒక్కసారీ ఆగలేదు. తిట్లు అయిపోయాయి కాబట్టి ఆగాడు.

అప్పటికి సోలార్ కంచె దగ్గరకు వచ్చారు. కంచె అవతల కనుచూపు మేర నల్లటి పలకలు. ఓబళప్ప నిలబడి, ఆమె దగ్గరకు వచ్చేదాకా ఆగాడు.

"చెప్పు వదినా. రేపు ఏం తప్పిపోతాది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. రామాంజినమ్మ నవ్వలేదు.

"ఏమీ తప్పిపోదు. ఇంగ అబద్ధం చెప్పను ఓబళప్పా. రేపు ఊరికే నడుస్తా. ఎవురైనా అడిగితే నడుస్తాండా అంటా. కొట్లాడి పోతాందని అనుకొనేటోళ్లు అనుకోనీ."

"ఉత్తగా నడిసేకి నీతో ఎవురొస్తారు? మాకేమన్నా పిచ్చా?"

"రావద్దు. నేను రమ్మంట్యా?"

ఓబళప్ప కంచె వైపు తిరిగాడు.

"నాయి తప్పిపోయినాయి" అన్నాడు.

"ఏంది?"

"నా గొర్రెలు. మందకు మంద. లారీకెక్కించిన పొద్దు నుంచి మళ్లా కనపల్యా." ఎగతాళిగా మొదలుపెట్టిన మాటలో మధ్యకొచ్చేసరికి ఎగతాళి లేదు. "రేపట్నుంచి నేను వాటిని ఎతకల్ల. యాడ మేసినాయో, యాడ నీళ్లు తాగినాయో, ఆ దావంతా తిరగల్ల. వచ్చేటోళ్లు రాండి."

ఎవరూ నవ్వలేదు. అక్కడున్న పెద్దవాళ్లలో ఇది అబద్ధమని అనుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. ఒక్కొక్క ఇంటి నుంచీ ఒక్కొక్క మంద వెళ్లిపోయింది, ఒక్కరూ ఇన్నాళ్లూ ఆ మాట బయటికి అనలేదు. "మాయి కూడా పోయినాయప్పా" అంది రత్న మెల్లగా. వెనక నుంచి ఇంకెవరో "మాయీ" అన్నారు.

పిల్లలకు మాత్రం ఇదంతా తెలియదు. వాళ్లు పుట్టేసరికే పలకలు ఉన్నాయి. భూమిక అవ్వ చెయ్యి వదిలేసి, ముఖం మీది కోపం మరిచిపోయి, ఓబళప్ప దగ్గరకు పరుగెత్తింది.

"ఏం రంగువి తాతా? గుర్తులేమన్నా ఉండాయా?"

"ఉండకుండా యాడికి పోతాయి?" అన్నాడు ఓబళప్ప, కదులుతూ. "ముందర నల్లముఖం పెద్దగొర్రె. అది నడిస్తేనే తక్కినవి నడిసేవి. దానెనక..."

పిల్లలందరూ అతని చుట్టూ చేరి, వినడం కోసం అతని అంగలకు సరిగ్గా పరుగులాంటి నడక నడిచారు. మాటలు సరిగ్గా వినబడక రామాంజినమ్మ కూడా అడుగు పెంచింది. ఆ మందలో రెండోది తన పెళ్లికి పుట్టింటివాళ్లు ఇచ్చిన గొర్రె సంతతిది, మరిదికి తనే ఇచ్చింది. దాని రంగు ఓబళప్ప తప్పు చెబుతున్నాడు, దిద్దాలి.